అనంతపురం ఎండలో స్ట్రీమింగ్ పీసీ: ప్రాసెసర్ ఎంపిక నుంచి లైవ్ దాకా డైరీ

ఏప్రిల్ 5, 2025, శనివారం

గది మొదటి అంతస్తులో ఉంది. పైన నేరుగా మిద్దె, ఏసీ లేదు. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. వాలరెంట్, జీటీఏ 5 రోల్‌ప్లే ఆడుతూ, అదే కంప్యూటర్ నుంచి యూట్యూబ్‌కు 1080పీ 60 ఫ్రేముల్లో తెలుగు కామెంటరీతో లైవ్ పోవాలి. గ్రాఫిక్స్ కార్డు ముందే ఖాయమైంది: ఆర్‌టీఎక్స్ 4060. తేలాల్సింది ప్రాసెసర్.

ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట ఒకటే: "స్ట్రీమింగ్ చేస్తావా, అయితే కోర్లు ఎక్కువున్నది తీసుకో." కోర్లంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు. ప్రాసెసరే వీడియోను కుదించాల్సి వచ్చిన రోజుల్లో ఆ మాటకు బలం ఉండేది. ఇప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు. వీడియోను కుదించే పని ఎవరు చేస్తారు, ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా? దానికి జవాబు చెప్పకుండా కోర్లు లెక్కపెడితే డబ్బు తప్పుచోట పడుతుంది. మన ఊళ్లో రెండో ప్రశ్న కూడా ఉంది: ఆ ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతుంది? తాగిన ప్రతి వాటూ వేడిగా మారి ఈ గదిలోకే వస్తుంది.

ఏప్రిల్ 6

ముందు కాగితం మీద లెక్క. 1080పీ ఫ్రేములో 20,73,600 పిక్సెళ్లు. సెకనుకు 60 ఫ్రేములంటే 12 కోట్ల 44 లక్షల పిక్సెళ్లు. ఓబీఎస్ (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) మామూలుగా వాడే ఎన్‌వీ12 అనే వీడియో రూపంలో పిక్సెల్‌కు 12 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు సుమారు 149 కోట్ల బిట్లు. యూట్యూబ్ 1080పీ 60 ఫ్రేముల లైవ్‌కు హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో సూచించేది సెకనుకు 12 మెగాబిట్లు. అంటే దాదాపు 124 రెట్లు కుదించాలి, అదీ ఒక్కో ఫ్రేముకు 16.67 మిల్లీసెకన్లలో.

అదే సమయంలో ఆట 144 ఫ్రేములు ఇవ్వాలంటే ఒక్కో ఫ్రేముకు ప్రాసెసర్ చేతిలో ఉండేది 6.94 మిల్లీసెకన్లు. ఆటలో ఒక ముఖ్యమైన థ్రెడ్ (కోర్ మీద వరుసగా నడిచే పని) ఉంటుంది, మిగతావన్నీ దాని వెనక నడుస్తాయి. ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ (ప్రాసెసర్ మీదే వీడియోను కుదించేది) దొరికిన థ్రెడ్లన్నిట్లోకీ చొరబడుతుంది. ఆ ముఖ్య థ్రెడ్ రెండు మూడు మిల్లీసెకన్లు ఆగిందంటే సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, కానీ చేతికి మాత్రం ఆట తడబడినట్టు తెలుస్తుంది. అందుకే సగటు చూసి మోసపోకుండా కింది 1 శాతం ఫ్రేములను, అంటే అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చినవాటిని చూడాలి.

ఆర్‌టీఎక్స్ 4060లో ఎన్‌వెంక్ అనే ప్రత్యేక ఎన్‌కోడింగ్ భాగం ఉంది. ఆట బొమ్మలు గీసే కోర్లతో దానికి పెద్దగా పోటీ లేదు. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి దాని నాణ్యత బాగా మెరుగైంది. పాత కార్డుతో కంప్యూటర్ కట్టేవాళ్లు ఒకటి గమనించాలి: జీటీఎక్స్ 1650 తొలి రకంలో ఉన్నది అంతకుముందు తరం ఎన్‌కోడర్, 1650 సూపర్‌లో ఉన్నది ట్యూరింగ్‌ది. పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఏప్రిల్ 8

జాబితా రాసుకొని ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాం.

రైజెన్ 5 5600: 6 కోర్లు, 12 థ్రెడ్లు, డీడీఆర్4. చవక. కానీ ఏఎమ్4 అనే పాత సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు ఇప్పుడు కొత్తగా కొంటే ముందుకు దారి లేదు. ఇంట్లో ఇప్పటికే ఏఎమ్4 బోర్డు ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు బోర్డు మార్చకుండా బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 5700ఎక్స్3డీ పెట్టుకోవడం మంచి పని.

ఐ5-12400ఎఫ్: 6 కోర్లు, 12 థ్రెడ్లు. డబ్బు బాగా బిగువైతే ఇప్పటికీ పనికొస్తుంది. అయితే చివరి "ఎఫ్" అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. దాంతో పాటు క్విక్‌సింక్ ఎన్‌కోడర్ కూడా ఉండదు. కార్డులో మంచి ఎన్‌కోడర్ లేనివాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి ఎఫ్ లేని 12400 తీసుకుంటే ఆ క్విక్‌సింకే స్ట్రీమింగ్‌ను మోస్తుంది. ఇంకో లాభం: కార్డు చెడిపోయిన రోజు మానిటర్ కేబుల్‌ను బోర్డుకు పెట్టి చూసుకోవచ్చు.

ఐ7-14700కే: 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు, 28 థ్రెడ్లు. ఎక్స్264తోనే స్ట్రీమ్ చేయాలని పట్టుబట్టేవాళ్లకు ఇది బలమైన ప్రాసెసర్. కాగితం మీద గరిష్ఠ టర్బో, అంటే పూర్తి వేగంలో తాగేది, 253 వాట్లు. ఆట ఒక్కటే ఆడితే అంత తాగదు, ఎన్‌కోడింగ్ కూడా నెత్తిన పడితే అటువైపే పోతుంది. దానికి 360 ఎంఎం లిక్విడ్ కూలర్, మంచి వీఆర్‌ఎమ్ (ప్రాసెసర్‌కు వోల్టేజి సరిచేసి ఇచ్చే భాగం) ఉన్న బోర్డు, పెద్ద ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కావాలి. పైగా ఇంటెల్ 13, 14 తరాల్లో వోల్టేజి ఎక్కువై కాలక్రమంలో చిప్ అస్థిరమయ్యే సమస్య బయటపడింది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, తర్వాత 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (బయోస్ ద్వారా చిప్‌కు అందే సవరణలు) ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరాలవి వాడుతున్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేశారో లేదో ఈరోజే చూసుకోండి. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అప్‌డేట్ బాగు చేయదు, వారంటీలో మార్చుకోవాలి.

రైజెన్ 7 7800ఎక్స్3డీ: 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్. ఆటలకు అద్భుతం. ఆటకు మళ్లీ మళ్లీ కావాల్సిన డేటా ర్యామ్ దాకా పోకుండా చిప్ మీదే దొరుకుతుంది కాబట్టి కింది 1 శాతం ఫ్రేములు చక్కగా నిలబడతాయి. మనసు దీని దగ్గర చాలాసేపు ఆగింది. కానీ ధర 7600కు దాదాపు రెట్టింపు. బరువైన ఆటల్లో 4060 కార్డే ముందు అలసిపోతుంది, వాలరెంట్‌లో 7600 ఇచ్చే ఫ్రేములే 144ను ఎప్పుడో దాటేస్తాయి. ఆ తేడా డబ్బు కార్డులో పెడితే కంటికి ఎక్కువ కనిపిస్తుంది.

రైజెన్ 7 7700: 7600కు అన్నలాంటిది, రెండు కోర్లు ఎక్కువ. లైవ్ ఇస్తూనే వెనక వీడియో ఎడిటింగ్ రెండర్ పెట్టే అలవాటుంటే దీనికే పోవాలి. ఇక్కడ ఆ పని లేదు.

మిగిలింది రైజెన్ 5 7600. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3, 5.1 గిగాహెర్ట్జ్ బూస్ట్. ప్యాకెట్ మీద 65 వాట్లు, సాకెట్ దగ్గర అసలు పరిమితి 88 వాట్లు. లోపల చిన్న గ్రాఫిక్స్ ఉంది, పెట్టెలోనే కూలర్ వస్తుంది. ఏఎమ్5 సాకెట్‌కు 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి రెండేళ్ల తర్వాత ఇదే బోర్డులో ఎక్స్3డీ పెట్టుకోవచ్చు. 9600ఎక్స్ కూడా చూశాం. ఆటల్లో వచ్చే తేడా, అదనంగా పెట్టే డబ్బుకు సరిపోలేదు.

7600 ఖాయం.

ఏప్రిల్ 12

సరుకు బెంగళూరు ఎస్పీ రోడ్డు (కంప్యూటర్ విడిభాగాల మార్కెట్) నుంచి వచ్చింది. ప్రాసెసర్ 1, బీ650 మైక్రో ఏటీఎక్స్ బోర్డు 1, డీడీఆర్5-6000 సీఎల్30 ఎక్స్‌పో ర్యామ్ 16 జీబీవి 2, 1 టీబీ ఎన్‌వీఎంఈ స్టోరేజి 1, 650 వాట్ల ఎస్ఎంపీఎస్ 1, ముందు జాలీ ఉన్న క్యాబినెట్, 120 ఎంఎం ఫ్యాన్లు 3. అద్దం ముఖం ఉన్న క్యాబినెట్లు అందంగా ఉంటాయి గానీ గాలి లోపలికి పోయే దారి ఇరుకు, ఈ ఎండకు అవి వద్దు.

బిగించేటప్పుడు జాగ్రత్త పడాల్సినవి:

ఏఎమ్5లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూతను చేత్తో పీకకూడదు. ప్రాసెసర్ పెట్టి లీవర్ నొక్కితే అదే ఎగిరి బయటికొస్తుంది. ఆ మూతను పారేయకండి, బోర్డును వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే పేచీ వస్తుంది.

పెట్టెలో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్‌కు నాలుగు స్క్రూలు. బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ క్లిప్పులు విప్పి, వెనక ప్లేటును అలాగే ఉంచి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు పోతే వేడిని కూలర్‌కు చేరవేసే పేస్ట్ ఒక పక్కకే పరుచుకుంటుంది.

ర్యామ్ రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో. నాలుగు కడ్డీలు పెడితే డీడీఆర్5 వేగం బాగా తగ్గించాల్సి వస్తుంది. 32 జీబీ కావాలంటే 16వి రెండే కొనాలి, 8వి నాలుగు వద్దు.

ఇక్కడ గాలి పొడి. పని మొదలుపెట్టే ముందు, మధ్యలోనూ క్యాబినెట్ ఇనుమును ముట్టుకొని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోవాలి.

ఏప్రిల్ 13

మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. బోర్డు మీద డీర్యామ్ అని ఉన్న లైటు వెలుగుతోంది. ఏఎమ్5తో ఇది మామూలే. బోర్డు ర్యామ్‌తో మాట కుదుర్చుకుంటోంది, దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. చాలా నిమిషాలు పట్టొచ్చు. బోర్డు పోయిందనుకొని ఆఫ్ చేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మూడో నిమిషంలో కరెంటు పోయింది, ఈసారి ఇన్వర్టర్ లైనుకు మార్చి పెడితే దాటింది. బయోస్ అప్‌డేట్ మధ్యలో ఇలా పోయి ఉంటే బోర్డుకే ముప్పు. కరెంటు భరోసా లేకుండా బయోస్ జోలికి పోకూడదు.

బయోస్‌లో చేసినవి మూడే. ఎక్స్‌పో అనే ర్యామ్ సెట్టింగు ఆన్ చేసి ర్యామ్‌ను 6000కు తేవడం (చేయకపోతే డబ్బు పెట్టి కొన్న వేగం వాడకుండానే ఉంటుంది), ఎస్ఓసీ వోల్టేజి (చిప్‌లో ర్యామ్‌ను నడిపే భాగానికి అందేది) 1.3 వోల్టులు దాటలేదని చూడడం, ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్ చేయడం. విండోస్ 11 మీద ఈ చివరి రెండూ లేకపోతే వాలరెంట్ తెరుచుకోదు, వ్యాన్ 9001 అనే ఎర్రర్ చూపిస్తుంది. బయోస్ అప్‌డేట్ చేసిన తర్వాత సెక్యూర్ బూట్ తిరిగి ఆఫ్ అయిపోవచ్చు. నిన్నటిదాకా ఆడిన ఆట ఈరోజు తెరుచుకోలేదంటే మొదట చూడాల్సింది అక్కడే.

ఏప్రిల్ 15

వేడి పరీక్ష. మధ్యాహ్నం రెండు గంటలు, గదిలో థర్మామీటర్ 36 డిగ్రీలు. ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ పరీక్ష పది నిమిషాలు. పెట్టెలో వచ్చిన కూలర్‌తో రెండు నిమిషాల్లోపే 95 డిగ్రీలు తాకింది. ఈ చిప్‌కు అదే హద్దు. అక్కడ కాలిపోదు, వేగం తగ్గించుకొని తనను తాను కాపాడుకుంటుంది. ఆటలో మాత్రం 80 దగ్గర తిరిగింది. వేగంలో పోయింది కొంచెమే, శబ్దం మాత్రం భరించలేం. చిన్న ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగితే మైకులో ఈల వేసినట్టు పడుతోంది. ఓబీఎస్‌లో శబ్దం తగ్గించే ఫిల్టర్ గట్టిగా పెడితే ఈల పోయింది గానీ మాటల చివర్లు తెగిపోయాయి. తెలుగులో క్రియ చివరే కదా అసలు సంగతి ఉండేది, అది మింగేస్తే కామెంటరీ అర్థం కాదు.

ఏప్రిల్ 19

నాలుగు రాగి గొట్టాలు, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ కూలర్ పెట్టాం. లిక్విడ్ కూలర్ 88 వాట్లకు అవసరం లేదు. పైగా దాని పంపు ఆగిపోతే విడిభాగం ఇక్కడ దొరకదు, టవర్‌కు ఫ్యాన్ పోతే ఏ షాపులోనైనా ఇంకోటి కొని తగిలించుకోవచ్చు.

అదే గది, అదే 36 డిగ్రీలు, అదే సినీబెంచ్: 83 డిగ్రీలు. ఆ తర్వాత బయోస్‌లో పీబీఓ అనే విభాగం కింద, వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 15 పెట్టి, పీపీటీని (సాకెట్ దగ్గరి వాట్ల పరిమితి) 75 వాట్లకు దించితే 76. ఆటలో ఫ్రేముల తేడా కొలతలో దొరకలేదు. ఫ్యాన్ సగం వేగం దాటలేదు, మైకు నిశ్శబ్దంగా ఉంది.

మైనస్ విలువ పెట్టినవాళ్లు బరువు పరీక్ష ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. చిప్ తీరిగ్గా ఉన్నప్పుడు ఒక కోర్ హఠాత్తుగా 5.1కి ఎగురుతుంది, వోల్టేజి చాలకపోతే అప్పుడే రీస్టార్ట్ అవుతుంది. రాత్రంతా బ్రౌజర్ తెరిచి ఊరికే వదిలేసి చూడాలి. మైనస్ 25 దగ్గర తెల్లారేలోపు ఒకసారి రీస్టార్ట్ అయింది, అందుకే 15.

ఏప్రిల్ 20, 21

అసలు పరీక్ష. ఓబీఎస్‌లో స్టాట్స్ కిటికీ తెరిచి పెట్టుకోవాలి. అక్కడ మూడు వేర్వేరు లెక్కలుంటాయి. రెండరింగ్ ల్యాగ్ వల్ల పోయిన ఫ్రేములంటే గ్రాఫిక్స్ కార్డు ఓబీఎస్‌కు సమయం ఇవ్వలేదని. ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల వదిలేసినవంటే ఎన్‌కోడర్ అందుకోలేకపోయిందని. నెట్‌వర్క్ వల్ల రాలిపోయినవంటే ఇంటర్నెట్ లైను సంగతి. స్ట్రీమ్ తడబడగానే ప్రాసెసర్ మార్చాలనుకునే ముందు ఈ మూడింట్లో ఏ అంకె పెరుగుతోందో చూస్తే సగం మందికి ప్రాసెసర్ ఖర్చే తప్పుతుంది.

ఎక్స్264, వెరీఫాస్ట్ (ఇక్కడ చూసిన ప్రీసెట్లలో తేలికది; ఫాస్టర్, మీడియం ఒకదాన్ని మించి ఒకటి భారం): జీటీఏ రోల్‌ప్లే సర్వర్‌లో స్ట్రీమ్ నడిచింది, ఆట మాత్రం జనం ఎక్కువున్న చోట కుదుపులిచ్చింది. ఫాస్టర్: ఎన్‌కోడింగ్ ల్యాగ్ అంకె నెమ్మదిగా పెరగసాగింది. మీడియం: అర నిమిషంలో ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడ్ హెచ్చరిక. 6 కోర్లతో ఆట, మీడియం రెండూ కుదరవు, అందులో దాచేదేమీ లేదు.

ఎన్‌వెంక్, హెచ్.264: సీబీఆర్ (మారని బిట్‌రేట్) 12,000 కిలోబిట్లు, కీఫ్రేమ్ 2 సెకన్లు, ప్రీసెట్ పీ5, ట్యూనింగ్ హై క్వాలిటీ, మల్టీపాస్ క్వార్టర్ రిజల్యూషన్, బీ-ఫ్రేములు 2. ప్రాసెసర్ మీద ఓబీఎస్ భారం అంతంతమాత్రమే. ఎన్‌కోడింగ్ ల్యాగ్ సున్నా. కదలిక ఎక్కువున్న దృశ్యాన్ని ఆపి రెండు రికార్డింగులూ పక్కపక్కన చూస్తే, వెరీఫాస్ట్ కన్నా ఇదే శుభ్రంగా ఉంది.

అప్‌లోడ్ సరిపోనివాళ్లకు 4060లోనే ఇంకో దారి ఉంది. 40 సిరీస్ నుంచి, హెచ్.264 కన్నా బాగా కుదించే ఏవీ1 ఎన్‌కోడింగ్ వచ్చింది, యూట్యూబ్ దాన్ని లైవ్‌లో తీసుకుంటుంది. 8 మెగాబిట్లకు దించినా బొమ్మ నిలబడింది. లైను వేగాన్ని పగలు కొలిచి నమ్మకండి, రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య కొలవాలి. స్థిరంగా వచ్చే అప్‌లోడ్‌లో మూడింట రెండు వంతులు మించకుండా బిట్‌రేట్ పెట్టుకుంటే రాలిపోయే ఫ్రేములు తగ్గుతాయి.

ఏప్రిల్ 24

కొత్త చిక్కు. ఆట తెర మీద నున్నగా ఉంది, లైవ్‌లో చూసేవాళ్లకు మాత్రం కుదుపు. ఈసారి పెరిగింది రెండరింగ్ ల్యాగ్ అంకె. కారణం: ఆటకు ఫ్రేముల హద్దు లేదు, కార్డు 99 శాతంలో నడుస్తోంది. కుదించే పని ఎన్‌వెంక్‌దే అయినా, కెమెరా, ఆట, అలర్టులు కలిపి ఒక దృశ్యంగా పేర్చే పనికి ఓబీఎస్‌కు మామూలు గ్రాఫిక్స్ కోర్లలో కొంత సమయం కావాలి. ఆట అంతా మింగేస్తే దానికి మిగలదు.

మందు చిన్నది. జీటీఏను 120 ఫ్రేములకు, వాలరెంట్‌ను 141కి కట్టేయడం, నీడల సెట్టింగు ఒక మెట్టు దించడం, ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవడం. అలా తెరిస్తే విండోస్ దానికి గ్రాఫిక్స్‌లో ప్రాధాన్యం ఇస్తుంది. కార్డు 90 శాతం దగ్గర నిలిచింది, అంకె కదలడం ఆగింది. ఈ జబ్బుకు ప్రాసెసర్ ఎంత పెద్దది పెట్టినా లాభం ఉండేది కాదు.

ప్రాసెసర్ మీద నిజంగా భారం వేసేవి వేరే ఉన్నాయి: ఓబీఎస్‌లో పెట్టే ఒక్కో బ్రౌజర్ సోర్స్ (లైవ్ దృశ్యంలో చూపే వెబ్ పేజీ), వెనక తెరిచి ఉన్న క్రోమ్ ట్యాబులు, ఆ సమయానికే మొదలయ్యే ఆటల అప్‌డేట్లు. చాట్, అలర్టులు, విరాళాల పట్టీ మూడింటికి మూడు బ్రౌజర్ సోర్సులు పెట్టిన చోట ఒకే పేజీలో కలిపి పెడితే తేడా టాస్క్ మేనేజర్‌లోనే తెలిసింది.

ఏప్రిల్ 27

కరెంటు. లెక్క ఇలా వచ్చింది: ప్రాసెసర్ 75, కార్డు 115, మిగతా భాగాలు 50, మానిటర్ 25. ఎస్ఎంపీఎస్‌లో పోయేది కలిపితే గోడ దగ్గర 300 వాట్లకు కాస్త అటూ ఇటూ. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే, బ్యాటరీ పాతబడితే మోయలేదు. కొనేటట్టయితే 1000 వీఏ తీసుకోండి.

ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు వెనకున్న స్విచ్ చూడాలి. యూపీఎస్ మోడ్, ఎకో లేదా నార్మల్ మోడ్ అని రెండుంటాయి. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా ఆగగలిగేది 16 మిల్లీసెకన్ల చుట్టుపక్కల. ఎకో మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో తొందరగా మారుతుంది. కాకపోతే సాయంత్రం వోల్టేజి బాగా పడిపోయినప్పుడు కూడా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది, ఆ వీధిలో లో వోల్టేజి ఉంటే ముందు స్టెబిలైజర్ అవసరం. స్విచ్ మార్చాక లైవ్ మధ్యలో మెయిన్ మూడుసార్లు ఆపి చూశాం, కంప్యూటర్ ఆగలేదు. మొదటిసారి స్ట్రీమ్ మాత్రం తెగింది, ఎందుకంటే రౌటర్ వేరే ప్లగ్గులో ఉంది. దాన్నీ ఇదే లైనుకు మార్చాం.

మే 10

బయట 40 దాటింది, రాత్రి తొమ్మిదికి కూడా మిద్దె వేడి దిగుతూనే ఉంది, గదిలో 37. మూడు గంటల లైవ్: ప్రాసెసర్ 72, కార్డు 74. ఓబీఎస్ లెక్కలు మూడింట్లోనూ పోయిన ఫ్రేములు సున్నా.

మూడు వారాల్లో ముందు జాలీ ఎర్రమట్టి దుమ్ముతో సగం మూసుకుపోయింది. శుభ్రం చేయకముందు ఇవే కొలతలు 5 డిగ్రీలు ఎక్కువ చూపించాయి. క్యాబినెట్‌ను బండల మీద నుంచి జానెడు ఎత్తు పీట మీదికి మార్చాం. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి అలాగే ఉన్నాయి. జాలీని పది రోజులకోసారి విప్పి కడగాలి, బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. తర్వాతి శుభ్రం మే 20న.